వెలిగి ఆరే లైటు చూస్తే మతిమరుపు తగ్గుతుందా?

ప్రశ్న: మా అత్తయ్యగారికి 71 ఏళ్లు. ఆర్నెల్ల కిందట డాక్టరుగారు పరీక్షలు చేసి అల్జీమర్స్ మొదటి దశ అన్నారు. రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నారు. ఈమధ్య మా ఆడపడుచు ఒక వీడియో పంపింది. ‘40 హెర్ట్జ్ గామా లైటు, మెదడులో చెత్తను కడిగేస్తుంది’ అని పేరు. తెల్లటి తెర టపటపా వెలిగి ఆరుతుంటుంది, అంతే. అత్తయ్యగారు పది రోజులుగా రాత్రి గదిలో లైట్లు ఆర్పేసి, గంటసేపు ఫోన్ మొహం ముందు పెట్టుకుని చూస్తున్నారు. తల బరువుగా ఉందంటారు గానీ, మొన్న మాత్రం ముందురోజు ఇంటికి ఎవరొచ్చారో టక్కున చెప్పారు. పరీక్షలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందని పదిహేనేళ్ల మా అబ్బాయి కూడా రెండు రాత్రులు పక్కన కూర్చున్నాడు. రెండో రోజు చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది, అదోలా ఉందని లేచిపోయాడు. ఇది నిజంగా పనిచేస్తుందా? చేస్తే మాత్ర ఆపేయొచ్చంటోంది ఆడపడుచు.
– ఒక కోడలు

జవాబు: మీరు మాటవరసకు అన్నట్టు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అబ్బాయి చెయ్యి ఎగిరిపడింది, అదోలా ఉందని లేచిపోయాడు అన్నారే, అది. అత్తయ్యగారి మతిమరుపు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, అది ఈ రాత్రికి రాత్రి మారిపోయేది కాదు. ఆ వీడియో మాత్రం ఇప్పుడే ఆపేయండి. ఇద్దరికీ. అబ్బాయి ఫోన్‌లో కూడా ఉంటే అక్కడా తీసేయించండి.

నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్ల పైచిలుకు ఈఈజీ టెక్నీషియన్‌గా పనిచేశాను. పేషెంటు తలకు ఇరవై దాకా వైర్లు అంటించి, మెదడులో కరెంటు ఎలా ఆడుతోందో రికార్డు చేసే పని. కాబట్టి వెలిగి ఆరే లైటుకీ నాకూ పాత పరిచయమే. ఈఈజీలో ‘ఫోటిక్’ అని ఒక భాగం ఉంటుంది. కళ్లకు దాదాపు అడుగు దూరంలో ఫ్లాష్ లైటు పెట్టి సెకనుకు ఒకటి, మూడు, ఆరు, పది అంటూ పెంచుకుంటూ పోతాం. ఒక్కో వేగం కొన్ని సెకన్లే. కళ్లు మూసుకోమంటాం, తెరవమంటాం. ఆ కాసేపూ నా చూపు పేషెంటు మీద కాసేపు, స్క్రీన్ మీద కాసేపు, చెయ్యి మాత్రం ఎప్పుడూ స్విచ్ మీదే.

సెకనుకు పది ఫ్లాషులు కొడితే, తల వెనకభాగంలో అంటించిన వైర్ల గీతల్లో సెకనుకు సరిగ్గా పది అలలు లేస్తాయి. పన్నెండుకు మారిస్తే అవీ పన్నెండవుతాయి. దీన్ని మేం ‘డ్రైవింగ్’ అంటాం. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. నాబ్ తిప్పుతున్నది నేను, దానికి తగ్గట్టు తాళం వేస్తున్నది ఎదుటి మనిషి మెదడు! ఇది కొత్త సంగతేమీ కాదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి ఈఈజీని 1929లో లోకానికి చూపించాడు. 1934 కల్లా ఇంగ్లండ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ అనే ఇద్దరు ఆ అలలను లైటుతో నడిపించవచ్చని తేల్చేశారు. కాబట్టి ‘వెలిగి ఆరే లైటు మెదడు మీద పనిచేస్తుందా’ అని అడిగితే, చేస్తుంది. అందులో మీ ఆడపడుచు మాట తప్పు కాదు.

అయితే కొందరిలో ఆ అలలు లైటు వెంట బుద్ధిగా నడిచి ఊరుకోవు. సూదుల్లాంటి స్పైకులు లేస్తాయి, తల వెనక నుంచి ముందు దాకా పాకుతాయి. కనురెప్పలు కొట్టుకుంటాయి, లేదా చెయ్యో భుజమో ఉలిక్కిపడుతుంది. అది కనిపించిన క్షణంలో లైటు ఆపేయాలి, ఇంకో ఆలోచన లేదు. అలాగే కొనసాగిస్తే పూర్తి ఫిట్స్ రావచ్చు. ఇలా లైటుకు ఫిట్స్ వచ్చే గుణాన్ని ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ అంటారు. జనాభా మొత్తం మీద సుమారు నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుంది. తక్కువేగా అనిపిస్తుంది, కానీ ఇది ఎక్కువగా బయటపడేది బడి పిల్లల్లో, టీనేజీ వాళ్లలో. అప్పటిదాకా వాళ్లకు అలాంటిది ఉందని ఎవరికీ తెలియదు. 1997 డిసెంబరులో జపాన్ టీవీలో ఒక పిల్లల కార్టూన్ వస్తుండగా ఎరుపు, నీలం రంగులు కొన్ని సెకన్ల పాటు సెకనుకు పన్నెండుసార్లు మారాయి. ఆ సాయంత్రం దాదాపు ఏడు వందల మందిని ఆసుపత్రులకు తీసుకెళ్లాల్సి వచ్చింది. చాలామంది పిల్లలే, వాళ్లలో ఎంతోమందికి అంతకుముందు ఫిట్స్ వచ్చిన చరిత్రే లేదు.

మీకు ఒక సందేహం రావాలి. ఈ గుణం ఉన్నవాళ్లకు బాగా ప్రమాదకరమైనది సెకనుకు 15 నుంచి 25 సార్లు వెలిగే లైటు. మీ వీడియో పేరులో 40 హెర్ట్జ్, అంటే సెకనుకు 40 సార్లు, అని ఉంది కదా, దాని వల్ల ఇంత గొడవేమిటి?

గొడవంతా అక్కడే ఉంది. ఇలాంటి వీడియో ఒకటి నేనూ దింపుకున్నాను. ఎడిటింగ్ యాప్‌లో పెట్టి ఒక్కో ఫ్రేమూ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మా, వేలితో జరుపుతూ చూశాను. అది సెకనుకు 60 ఫ్రేములున్న వీడియో. సెకనుకు 40 సార్లు వెలిగి ఆరాలంటే ఒక్కో చుట్టుకు ఒకటిన్నర ఫ్రేము కావాలి. సగం ఫ్రేము అనేది ఎక్కడా ఉండదు కదా. అందుకని ఏమైందంటే ఒకటి తెలుపు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. మళ్లీ తెలుపు, నలుపు, తెలుపు. పక్కపక్కన పడ్డ రెండు తెలుపులూ కలిసిపోయి ఒకే పొడుగు వెలుగవుతాయి. అంటే మూడు ఫ్రేములకు ఒక చీకటి, సెకనుకు ఇరవై చీకట్లు. పైన రాసి ఉన్నది 40, కళ్లకు కొడుతున్నది 20. 15కీ 25కీ సరిగ్గా నడిమధ్యన! సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే 40 అన్న మాటే అబద్ధం, అందులో 15 మించి వెలగడం కుదరదు. ఖరీదైన ఫోన్ అయినా సరే, వీడియోలో లేని ఫ్రేముల్ని స్క్రీన్ పుట్టించదు. ఆ వీడియో చేసినవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. లెక్క వేసుకోలేదు, అంతే. నిజంగా 40 హెర్ట్జ్ అయినా ఆ గుణం ఉన్నవాళ్లకు పూర్తిగా భద్రమని కాదు, కాస్త తక్కువ ప్రమాదం అంతే.

దానికి తోడు చీకటి గది, మొహం ముందే ఫోన్. ఇవి రెండూ లైటు దెబ్బను పెంచేవే. మళ్లీ ఎప్పుడైనా ఎక్కడైనా ఇలాంటి ఫ్లాషుల ముందు అబ్బాయికి అదోలా అనిపిస్తే, కళ్లు గట్టిగా మూసుకుంటే చాలు అనుకోవద్దని చెప్పండి. రెప్పల్లోంచి కూడా వెలుగు లోపలికి వెళ్తుంది. ఒక కంటిని అరచేత్తో పూర్తిగా మూసి, అటు నుంచి మొహం తిప్పేసుకోవాలి. రెండు కళ్లలోకీ ఒకేసారి వెళ్తేనే దెబ్బ ఎక్కువ.

ఇక ఈ 40 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. మెదడులో అలల వేగాలు రకరకాలు. మనం కళ్లు మూసుకుని తీరిగ్గా కూర్చుంటే సెకనుకు పది చొప్పున ఆల్ఫా. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది దాకా థీటా, కొత్త సంగతులు మెదడులో నిలవడంలో దీనికి పాత్ర ఉంది. ముప్ఫై దాటితే గామా, ఏకాగ్రతతో దేన్నయినా గమనిస్తున్నప్పుడు కనిపిస్తుంది. అల్జీమర్స్‌లో ఈ గామా బలహీనపడుతుంది. 2016లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో లీ-హ్వే త్సాయ్ బృందం, అల్జీమర్స్ లాంటి జబ్బు వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకల్ని సెకనుకు 40 సార్లు వెలిగే లైటు కింద గంటసేపు ఉంచింది. చూపుకు సంబంధించిన మెదడు భాగంలో అమిలాయిడ్ అనే ప్రొటీన్ దాదాపు సగానికి తగ్గింది. మీ వీడియోలో ‘చెత్త’ అన్నది దాన్నే. మెదడులో పాకీపని చేసే మైక్రోగ్లియా కణాలు చురుకయ్యాయి. 20తో, 80తో అలా జరగలేదు. ఒక మెలిక కూడా ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. ఒక్క గంట లైటు చూపిస్తే, మర్నాటికల్లా ఆ ప్రొటీన్ మళ్లీ మునుపటి స్థాయికి పెరిగిపోయింది. తర్వాత 2019లో అదే బృందం లైటుకు శబ్దం కూడా జోడిస్తే ప్రభావం ఇంకా లోపలి భాగాలకు పాకిందని చెప్పింది.

2023లో న్యూయార్క్ యూనివర్సిటీలో జార్జ్ బుజాకీ బృందం అదే పని మళ్లీ చేసి చూసింది. ఈయన జీవితమంతా మెదడు అలల మీదే పనిచేసిన మనిషి, ఆషామాషీగా తీసిపారేసే రకం కాదు. ఎలుకల మెదడులోకి సన్నటి ఎలక్ట్రోడ్లు దింపి చూస్తే, లైటుకు చూపు భాగం స్పందించింది గానీ మెదడు సొంత గామా దానికి జత కలవలేదు. జ్ఞాపకాలకు కేంద్రమైన హిప్పోక్యాంపస్‌లో స్పందన అంతంతమాత్రమే. అమిలాయిడ్ తగ్గడమూ కనపడలేదు. పైగా ఎలుకలు ఆ లైటుకు దూరంగా జరిగిపోయాయట! నాకు ఈ చివరి ముక్క నచ్చింది. మీ అత్తయ్యగారు ‘తల బరువుగా ఉంది’ అంటున్నదీ దాదాపు అదే కదా.

ఎంఐటీ వాళ్లు ఊరుకోలేదు. 40 హెర్ట్జ్ లైటూ శబ్దమూ కలిస్తే రక్తనాళాలు కొట్టుకునే తీరు మారి, మెదడు చుట్టూ ఉండే ద్రవం చెత్తను బయటికి తోసుకుపోతోందని 2024లో ఎలుకల్లోనే చూపించారు. వీడియోలో ‘కడిగేస్తుంది’ అన్న మాట బహుశా ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది. మొత్తానికి ఎలుకల దగ్గరే పంచాయితీ తెగలేదు.

మనుషుల మీదా చేశారు. 2022లో వచ్చిన ఒక చిన్న పరీక్షలో మొదటి దశ అల్జీమర్స్ ఉన్న 15 మంది రోజూ గంట చొప్పున మూడు నెలలు ఇంట్లో కూర్చున్నారు. ఫోన్ ముందు కాదు. దానికోసమే చేసిన లైటు ప్యానెల్, స్పీకర్ ముందు. కొందరికి అసలు లైటూ శబ్దమూ, మిగిలినవాళ్లకు పోల్చి చూడ్డానికి ఆరకుండా వెలిగే లైటు. అసలు లైటు చూసినవాళ్లలో హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడం అంతగా కనపడలేదు, మొహానికి పేరు జతచేసి గుర్తుంచుకునే పరీక్షలో కొంచెం మెరుగ్గా చేశారు. పదిహేను మంది అంటే ఒక జీపులో పట్టేంత మంది. అంతమందిని చూసి ఏమీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. కాగ్నిటో థెరప్యూటిక్స్ అనే అమెరికన్ కంపెనీ లైటూ శబ్దమూ ఇచ్చే కళ్లజోడు, హెడ్‌ఫోన్లతో ఇంకాస్త పెద్ద పరీక్ష ఆరు నెలలు చేసింది. జ్ఞాపకాన్నీ ఆలోచననూ కొలిచే ముఖ్యమైన స్కోర్లలో తేడా తేలలేదు. రోజువారీ పనులు సొంతంగా చేసుకునే శక్తి మాత్రం వాడినవాళ్లలో మిగిలినవాళ్లకంటే నెమ్మదిగా తగ్గింది. ఆరు వందల మందికి పైగా ఉన్న ఇంకో పరీక్షను కూడా ఆ కంపెనీయే మొదలుపెట్టింది. మీ ఆడపడుచు ఏదైనా వెతుకుతానంటే ఆ పెద్ద పరీక్ష ఫలితం కోసం వెతకమనండి, వీడియోల కోసం కాదు.

40 ఒక్కటే కాదు, వేరే వేగాలతోనూ జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు జరిగాయి. 2006లో అచ్చయిన ఒక అధ్యయనం నాకు ఇష్టం, ఎందుకంటే అందులో పెద్ద మాటలేమీ లేవు. 67 నుంచి 92 ఏళ్ల మధ్య పెద్దవాళ్లకు ఒక్క సెకను పాటు వెలిగి ఆరే లైటు చూపించి, వెంటనే ఒక చిన్న మాట చూపించారు. కొన్ని నిమిషాల తర్వాత లైటు లేకుండా, ఇందాక చూసిన మాటలేవో గుర్తుపట్టమన్నారు. లైటు వేగం సెకనుకు 9.5 నుంచి 11 మధ్య ఉన్నప్పుడు బాగా గుర్తుపట్టారు. 9 దగ్గర, 11.5 దగ్గర అంత ఫలితం లేదు. అంత సన్నని కిటికీ! మెదడు సొంత ఆల్ఫా వేగం కూడా పది చుట్టుపక్కలే కాబట్టి ఇది ఆశ్చర్యమేమీ కాదు.

కానీ ఆ లైటు సాయం చేసింది తన వెంటనే వచ్చిన మాటకు. రాత్రి గంటసేపు లైటు చూసినందుకు మర్నాడు తాళాలెక్కడ పెట్టామో గుర్తొస్తుందని అక్కడెవరూ అనలేదు. ఇంకొకటి. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. ఎదురుగా ఉన్న మాటను ‘ఆ, ఇది ఇందాక చూశాను’ అనడం గుర్తుపట్టడం. ఏ ఆధారమూ లేకుండా ‘నిన్న ఎవరొచ్చారు’ అంటే చెప్పడం గుర్తుతెచ్చుకోవడం. ఇంట్లో మనల్ని ఏడిపించేది ఈ రెండోదే. 2017లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు వీడియో వెలుగునూ శబ్దాన్నీ కలిపి సెకనుకు నాలుగుసార్లు, రెండూ ఒకే తాళంలో పెంచి తగ్గిస్తే ఆ రెండిటికీ ఉన్న జత బాగా గుర్తుంటుందని చూపించారు. తర్వాత వేరే బృందం అదే ప్రయోగం తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. ఈ రంగం తీరే ఇది, ఒక అడుగు ముందుకు, ముప్పావు అడుగు వెనక్కి.

మరి అత్తయ్యగారు ముందురోజు వచ్చినవాళ్ల పేరు టక్కున చెప్పారు కదా అంటారు. చెప్పి ఉంటారు. ఈ జబ్బులో మంచిరోజులు, చెడ్డరోజులు ఉంటాయి. రాత్రి నిద్ర బాగా పడితే ఒకలా, మలబద్ధకమో యూరిన్ ఇన్ఫెక్షనో ఉంటే ఇంకోలా. వచ్చినవాళ్లు ఆవిడకు ఇష్టమైనవాళ్లయితే ఆ సంగతే వేరు. వీడియో మొదలుపెట్టాక మనం మంచిరోజుల కోసం కాచుకుని కూర్చుంటాం, అవే లెక్కపెడతాం. ఒక నోట్‌బుక్ పెట్టి రోజూ రాత్రి రెండు లైన్లు రాయండి. ఏం మర్చిపోయారు, ఏం గుర్తుంది, ఎన్ని గంటలు నిద్రపోయారు. ఈసారి డాక్టరుగారికి ఆ పుస్తకం చూపిస్తే, మీరు నోటితో చెప్పేదానికంటే పదిరెట్లు పనికొస్తుంది.

మాత్ర ఆపకండి. ఆ మాత్ర జబ్బును నయం చేయదన్న మాట నిజమే, మీ ఆడపడుచు బాధ కూడా అదే అయి ఉంటుంది. కానీ ఉన్నట్టుండి మానేస్తే కొందరిలో పరిస్థితి చటుక్కున దిగజారుతుంది, మళ్లీ మొదలుపెట్టినా పోయిందంతా తిరిగి రాకపోవచ్చు. మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టరుగారే చెయ్యాలి. పనిలో పనిగా ఆవిడ వినికిడి, కళ్లు ఎలా ఉన్నాయో చూపించండి. సరిగా వినపడని మాట మెదడులోకి వెళ్లనే వెళ్లదు, దాన్ని మనం ‘మర్చిపోయింది’ అనుకుంటాం. వినికిడి, చూపు తగ్గడాన్ని అలాగే వదిలేస్తే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ముప్పు పెరుగుతుందని నిపుణులు గట్టిగా చెప్తున్నారు. ఫోన్ లైటు ఖాతాలో వేసే గంటలో సగం దీనికి పెట్టండి.

ఆడపడుచుతో ఇదంతా వాదించి గెలవక్కర్లేదు. తల్లి కోసం ఏదో ఒకటి చెయ్యాలని తాపత్రయపడుతోంది, దూరంగా ఉండేవాళ్లకు అది మరీ ఎక్కువ. ‘వదినా, వీడియోలో 40 లేదు, 20 ఉంది’ అని ఒక్క ముక్క చెప్పండి. ఫ్రేములు జరిపి చూడమనండి. లెక్క తెలిసిన మనిషైతే తనే తీసేస్తుంది.

మళ్లీ అబ్బాయి దగ్గరికి వస్తాను. చెయ్యి ఎగిరిపడిందంటే ఫిట్స్ జబ్బే అని నేను అనడం లేదు. నిద్రమత్తులో, భయంతో, ఊరికే కూడా ఎగరవచ్చు. కానీ ఒక్కటి మెల్లగా అడిగి చూడండి, తిట్టినట్టు కాకుండా. పొద్దున లేచిన కొత్తలో చేతులు జర్క్ ఇచ్చి బ్రష్షో, గ్లాసో, చెంచానో జారిపడటం ఎప్పుడైనా జరిగిందా? రాత్రి సరిగా నిద్రపోని మర్నాడు అది ఎక్కువగా ఉంటుందా? పిల్లలు దీన్ని మన దగ్గర దాచరు, అసలు అదొక సంగతని వాళ్లకు తెలియదు. మనం ‘ఎప్పుడూ చేతిలోంచి జారేస్తావ్’ అని కసురుకుంటాం, అక్కడితో అయిపోతుంది. ఈ వయసులో మొదలయ్యే ఒక రకం ఎపిలెప్సీ ఇలాగే కనపడుతుంది, అందులో లైటుకు స్పందించేవాళ్లు చాలామందే ఉంటారు. మందులకు బాగా లొంగే రకం, భయపడి గుండెలు బాదుకోవాల్సిందేమీ లేదు. జవాబు అవును అయినా కాదు అయినా, ఈ వారంలోనే న్యూరాలజిస్టుకు చూపించండి. వీడియో చూసిన సంగతి, చెయ్యి ఎగిరిన సంగతి, ఏ చెయ్యో, ఎంతసేపు చూశాకో, అన్నీ చెప్పండి. ఈలోగా పరీక్షల టెన్షన్‌తో రాత్రంతా మేలుకోనివ్వకండి, ఈ గుణం ఉంటే నిద్రలేమి దానికి ఆజ్యం పోస్తుంది. పొరపాటున ఒళ్లంతా కొట్టుకునేలా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి.

న్యూరాలజిస్టు ఈఈజీ రాస్తే అందులో ఫోటిక్ కూడా ఉంటుంది. అబ్బాయి మళ్లీ లైటా అని బెదురుతాడు. అక్కడ లైటు వెలిగేది కొన్ని సెకన్లే అనీ, పక్కనే మా లాంటివాళ్లు స్విచ్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంటారనీ చెప్పండి. ముందురోజు షాంపూతో తలస్నానం చేయించి, తలకు నూనె గానీ జెల్ గానీ రాయకుండా పంపండి. నూనె తలకు మా పేస్టు అంటుకోదు, సగంలో వైర్లు ఊడొస్తే అంతా మళ్లీ మొదటి నుంచి.